చంటిగట్టు

కూర్మయ్య పంతులుగారి దగ్గర ఆదివారం మధ్యాహ్నాలు గీత చెప్పించుకునే నరసన్నపేట వాళ్ళందరికీ ఒక సంగతి తెలుసు. ఆయన శ్లోకానికి అర్థం చెబుతారు గాని సందేహానికి జవాబు చెప్పరు. అడిగినవాళ్ళ ఇంటికి వెళ్ళి టిఫిను చేసి వస్తారు. పంతులుగారికి జ్ఞానం కంటే ఆకలెక్కువని గిట్టనివాళ్ళు అంటూంటారు.

ఆ ఆదివారం సందేహం వర్ధనమ్మది. జూన్‌లో కూతురు మైసూరులో ఉద్యోగానికి వెళ్ళింది, వెనకే కొడుకు నాగపూరు వెళ్ళాడు. ఇల్లు బోసిపోయిందని వర్ధనమ్మ నెల్లాళ్ళు ఏడ్చింది. ఆ తర్వాత వంటగది బాగుచేయించుకుందామన్న ఊహ పుట్టింది. అంతే, కాళ్ళు నేల మీద ఆనలేదు. నల్లరాతి గట్టు, లాగితే వచ్చే సొరుగులు, పొగ పీల్చే చిమ్నీ! "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గాని, వంటగది పగలగొట్టి చూడు అనలేదే" అని భర్త వేళాకోళమాడినా ఆవిడకి వినిపించలేదు.

"పిల్లలున్నన్నాళ్ళూ ఆ ఇరుకులోనే వండి పెట్టానండీ. వాళ్ళటు వెళ్ళగానే నాకిటు సోకులు పుట్టుకొచ్చాయి. సంతోషం పట్టలేకపోతున్నాను. సంతోషిస్తున్నందుకు సిగ్గేస్తోంది. ఇది తప్పాండీ?" అని అడిగింది.

పంతులుగారు పుస్తకం మూసి, "మీ ఇంట్లో పెసరట్టు పిండి ఉందామ్మా?" అన్నారు.

ఇంటికి వెళ్ళేసరికి మేస్త్రి సన్యాసిరావు టేపు పట్టుకుని కాచుక్కూర్చున్నాడు. వాడి తగువు చంటిగట్టు గురించి. పిల్లలు చిన్నప్పుడు వాళ్ళ చేతికందాలని కిటికీ పక్క మూలని వర్ధనమ్మ మోకాలికి కాస్త పైన కట్టించిన చిన్న గట్టు అది. అక్కడే ఇద్దరూ వంకరటింకర చపాతీలు ఒత్తి, ముఖాలకి పిండి పూసుకునేవారు. గది మొత్తం మార్చినా అది మాత్రం అలాగే ఉండాలంటుంది వర్ధనమ్మ. అది తీసేస్తే పిల్లల చోటు తీసేసినట్టేనని ఆవిడ బాధ.

"గాలీ ఎలుతురూ వచ్చే చోటు అదొక్కటేనమ్మా. మీరు నిలబడి పని చేసుకోవాల్సింది అక్కడే. రేపొద్దున్న రాయి కోసేత్తారు, ఇయ్యాలే చెప్పాల" అన్నాడు వాడు.

పంతులుగారు ఇదేమీ పట్టించుకోలేదు. "నువ్వు పెనం పెట్టమ్మా, అల్లం, పచ్చిమిరపకాయలు నేను తరుగుతాను" అని కత్తిపీట కాదని చాకు తీసుకుని, సరాసరి చంటిగట్టు దగ్గర నిలబడ్డారు. ఆయన తాడిచెట్టంత మనిషి. మూడో మిరపకాయకే "అబ్బా, నడుమమ్మా!" అన్నారు.

వర్ధనమ్మ నొచ్చుకుంది. "అది పిల్లల కోసం కట్టించిందండీ."

"అలాగా. అబ్బాయి ఎంత ఉంటాడు?"

ఆవిడ చేత్తో చూపించబోయింది. అలవాటుకొద్దీ చెయ్యి నడుము దగ్గర ఆగింది. ఆగి, తడబడి, పైకి లేచింది. భుజం దాటింది, తల దాటింది. మునివేళ్ళ మీద లేచినా వాడి నెత్తి ఇంకా అందలేదు. గాల్లో చెయ్యి అలాగే ఉంచి వర్ధనమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూంటే కళ్ళమ్మట నీళ్ళు జారాయి, అయినా నవ్వు ఆగలేదు.

"సన్యాసీ, తీసెయ్యి బాబూ!"

"మరి ఎత్తెంత ఎయ్యమంటారు?"

"నాకెంత కావాలో అంత!" అంది. మేస్త్రి ఆవిడ మోచేతికి టేపు ఆనించి కొలుస్తూంటే చిన్నపిల్లలా ఊపిరి బిగబట్టి నిలబడింది. ఆ ఇంట్లో ఇన్నేళ్ళలో ఆవిడ కొలత ఎవరూ అడగలేదు.

నాలుగో పెసరట్టు వడ్డిస్తూండగా గాని ఆవిడకి తను వెళ్ళిన పని గుర్తు రాలేదు. "ఇంతకీ నా సందేహానికి జవాబు చెప్పనే లేదండీ."

పంతులుగారు అల్లం ముక్క నమిలి అన్నారు:

"పిల్లలు పెరిగారు. గట్టు రేపు పెరుగుతుంది. పెరగాల్సినవాళ్ళు ఈ ఇంట్లో ఇంకెవరున్నారమ్మా?"