గుంటకో కొరడా దెబ్బ

ఇంతవరకూ ఎవరితోనూ అనని మాట ఇది. అడవిలో తవ్వుకు తినే గడ్డల మీద నా పేరుతో వచ్చిన నివేదికలో నావి అక్షరాలే. తెలివంతా బయ్యమ్మత్తది. చెంచుగూడెంలో ఉన్న నాలుగు నెలలూ గడ్డ తవ్వడం ఎలాగో ఆమే చెయ్యి పట్టుకుని నేర్పింది. ఈ కథ కూడా ఆమెదే. మీటింగుల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను, చివర కోసేసి.

ఒకానొక కొండల రాజ్యాన్ని ఉద్దండవర్మ ఏలేవాడు. ఆయన కొలువులో కుండినభట్టు అనే పండితుడు. ఏ ఆకు ఏ చెట్టుదో తెలియదు గాని, అరణ్యశాస్త్రం మీద పన్నెండు గ్రంథాలు రాశాడు.

"ప్రభూ, ఈ చెంచులు గడ్డలు తవ్వి కొండను గుల్ల చేస్తున్నారు. తరిమెయ్యాలి," అన్నాడు భట్టు.

చెంచుల తరఫున ఈరమ్మ అనే ముసలావిడ వచ్చింది. "దొరా, తవ్విన గుంటలు లెక్కబెట్టు. తవ్వించినోళ్లకి గుంటకో కొరడా దెబ్బ వెయ్యి. మావైతే మా వీపులే ఇస్తాం."

"నేనే స్వయంగా లెక్కిస్తాను!" అని లేచాడు భట్టు.

రాజు పరివారంతో కొండెక్కాడు. భట్టు చెమటలు కక్కుతూ నలభై గుంటలు చూపించాడు.

"వీటిల్లో గడ్డ తల ఏదయ్యా?" అంది ఈరమ్మ.

"తలేమిటి?"

ఈరమ్మ పక్కనే ఓ తీగ మొదట్లో చదునుగా ఉన్న మట్టిని వేళ్లతో తోడింది. కింద తీగకు అంటుకుని గడ్డ పైముక్క, దానికి లేతవేళ్లు.

"మేం కింది గడ్డ తీసుకుంటం. తల తీగకే ఇడిసి మట్టి కప్పుతం. రెండు వానలకి మళ్లా ఊరతది. మేం తవ్విన కాడ గుంట ఉండదు దొరా. మరి ఈ నలభై ఎవరివి?"

వెనకనున్న వంటవాళ్ల పెద్ద ముందుకొచ్చాడు. "భట్టుగారే పంపారు ప్రభూ, విందుకని..."

"అయ్యోరా, ఆ కండువా తియ్యి. నలభై దెబ్బలు పడాల, ఎండెక్కతాంది," అంది ఈరమ్మ.

రాజు కిరీటం జారేలా నవ్వాడు. భట్టును క్షమించాడు. ఈరమ్మకు బంగారు కడియం తొడిగి, "ఆ కిటుకేదో భట్టుగారికి చెప్పు, రాసిపెడతారు," అన్నాడు.

మీటింగుల్లో ఇక్కడే ఆపేసేదాన్ని. బయ్యమ్మత్త ఆపేది కాదు. ఈరమ్మ చెప్పింది. భట్టు పదమూడో గ్రంథం రాశాడు. మరుసటేడు కొండ దారిలో కాపలా పెట్టారు. గ్రంథం చదివినవాళ్లే తవ్వాలట. "చదువొచ్చా అవ్వా?" అని ఈరమ్మనే అడిగాడట కాపలావాడు.

ఇంతవరకూ చెప్పి అత్త నవ్వేది. "నువ్వూ రాస్తున్నవు గదా బిడ్డా. చూసి రాయి," అనేది.

చూసి రాయలేదు. "స్థానికులకు శిక్షణ అవసరం" అన్న వాక్యం నాదే. పైవాళ్లు అడిగారు, చేర్చాను. అది పట్టుకుని గడ్డల పొడి చేసే కంపెనీ ఒకటి వచ్చే సోమవారం గూడెం కొండకు కంచె వేస్తోంది. శిక్షణ కాగితం ఉన్నవాళ్లకే లోపలికి దారి. గూడెంలో ఎవరికీ ఇంకా తెలియదు. ఆదివారంలోగా గ్రామసభ కూర్చుని ఒప్పుకోమని తీర్మానిస్తే అడ్డుకోవచ్చు. ఆ వాక్యం అబద్ధమని అక్కడ నిలబడి చెప్పాల్సింది నేనే.

క్షమించమని తర్వాత అడుగుతాను. ముందు కంచె సంగతి చెప్పాలి, ఆమె తిట్టినంతసేపూ వినాలి. బయ్యమ్మత్తకి ఇప్పుడే ఫోన్ చేస్తాను.