దేహం పోయిన ఓబులేసు

ఓబులేసుకు దేహం పోయింది. పోయిందని అతనే చెప్పుకుని తిరుగుతున్నాడు.

నల్లమల అంచున జామాయిల్ చెట్లు కొట్టే కూలీల్లో మిషను రంపం అతనిది. పొద్దున పట్టాడంటే చీకటి పడేదాకా దించడు. పని దిగాక గైబుసాబు అనే ముసలి ఫకీరు దగ్గర కూర్చుని ధ్యానం నేర్చుకుంటున్నాడు. "నేను ఈ దేహం కాదు" అన్న మాట ఒక్కటి అతనికి భలే నచ్చింది. మిగతావి అంతగా తలకెక్కలేదు.

ఒకరోజు చేతిలో బీడీ కాలి కాలి వేలికంటుకుంది. పక్కవాడు కమురు వాసన పట్టి అరిచేదాకా ఓబులేసుకు తెలియలేదు. చలి పొద్దుల్లో వేళ్లు సున్నం పూసినట్టు తెల్లబడేవి. గిల్లినా తెలిసేది కాదు. ఇంకొకడైతే బెదిరిపోయేవాడు. మనవాడు పొంగిపోయాడు. తోటి కూలీలు కూడా దణ్ణాలు పెట్టడం మొదలెట్టారు.

ఆ సాయంత్రమే గురువు ముందు చేతులు చాపి నిలబడ్డాడు.

"దేహం పాయె సామీ. నిప్పు అంటుకున్నా తెలీడంలా."

గైబుసాబు ఆ వేళ్లను చాలాసేపు చూశాడు. "ఎప్పట్నుంచి?"

"చలి పడినప్పట్నుంచి. అంతా మీ దయ."

"నా దయ కాదులే. కండ్లు మూసుకో. చేతిలో ఒకటి పెడతా. ఏందో చెప్పు."

ముసలాయన దొడ్లోకి వెళ్లి, గుప్పిట్లో ఏదో తెచ్చి అతని వేళ్ల మీద పెట్టాడు. అది సన్నగా అరుస్తూనే ఉంది. అక్కడ కూర్చున్నవాళ్లందరికీ వినిపిస్తోంది. రోజంతా రంపం హోరులో బతికే ఓబులేసు చెవులకు మాత్రం ఆ గొంతు అందలేదు.

"దూది సామీ," అన్నాడు. "దూది ఉండ. ఉండండి, నొక్కి చూస్తా."

వేళ్లు ముడుచుకోబోతుంటే గురువు అతని మణికట్టు పట్టేశాడు. ఆ ముసలి చేతికి అంత బలముందని ఎవరూ అనుకోలేదు.

ఓబులేసు కళ్లు తెరిచాడు. వేళ్ల మధ్య, నిన్నో మొన్నో గుడ్డులోంచి వచ్చిన కోడిపిల్ల. నోరు తెరిచి అరుస్తోంది. గుండె కొట్టుకోవడం కంటికి కనిపిస్తోంది.

అతని మొహం పాలిపోయింది. రోజూ ఇంటికెళ్లి పసిబిడ్డను ఎత్తుకునేది ఈ చేతులతోనే కదా అనుకున్నాడు. భయమేసింది. గురువు కోడిపిల్లను తన గుప్పిట్లోకి తీసుకున్నాడు.

"అయితే నాకేమీ అబ్బలేదా సామీ?"

"ఇది నేనిచ్చింది కాదు నాయనా. రంపం ఇచ్చింది. దాన్ని దించి ఆస్పత్రికి పో. వేళ్లు చూపించు, చెవులూ చూపించు."

"దించి ఏం జేసేది? ఆడోళ్లతో కూచుని బెరడు ఒలిచేదా?"

గురువు కోడిపిల్లను మళ్లీ అతని చేతికి ఇవ్వబోయాడు.

ఓబులేసు చేతులు వెనక్కి దాచుకున్నాడు.

డాక్టరు ఇంకా మించిపోలేదన్నాడు. మిషను అదురు తగలకూడదు, చేతులు వెచ్చగా ఉంచుకోవాలి, బీడీ మానేయాలి అని చెప్పాడు. మేస్త్రీ సణిగాడు గానీ, ఆ రోజు నుంచి రంపాన్ని ఒక్కడి నెత్తినే వేయకుండా వంతులు పెట్టాడు. ఓబులేసు బెరడు ఒలవడానికి కూర్చున్నాడు. "సామి దిగొచ్చినాడే మన కాడికి!" అని ఆడవాళ్లు ఏడిపించారు. అతను తల వంచుకుని ఒలిచాడు.

ఎండాకాలం పోయి వానలు పడ్డాయి. ఒక సాయంత్రం ఓబులేసు గురువు దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చాడు. చూపుడువేలు పైకెత్తి పట్టుకున్నాడు. కొసన రక్తపు చుక్క, అందులో సన్నటి చెక్కపేడు. కళ్లలో నీళ్లు, మొహం నిండా నవ్వు.

"సామీ, పేడు గుచ్చుకునింది! ప్రాణం పోతాంది నొప్పి!"

గైబుసాబు ఆ వేలిని వెలుతురుకు తిప్పి, గోళ్లతో పేడు లాగేశాడు. ఓబులేసు అబ్బా అని కేక పెట్టాడు. ఆ కేక విని ముసలాయన కళ్లు కూడా చెమర్చాయి.

ఆయన చాప దులిపి తన పక్కన పరిచాడు.

"కూచో నాయనా," అన్నాడు. "ఇయ్యాల్టి నుంచి మొదలుపెడదాం."