ఏ ఆయిల్?

లంబసింగి ఘాట్‌లో ఒక పాత డీజిల్ కారుకి బ్రేకు పడలేదు. కారు ఎడమవైపు నుంచి రాతిగోడను గుద్దుకుంది. ఎడమ సీట్లో కూర్చున్న నర్సు సలోమి అక్కడికక్కడే చనిపోయింది. డ్రైవరు చెయ్యి విరిగినా బతికాడు. అంతకు పన్నెండు రోజుల ముందు ఆ కారును బాగుచేసి పంపింది మా కాత్యాయని గారు.

నర్సీపట్నంలో ఒక ప్రైవేటు శిక్షణ సంస్థలో ఆవిడ డీజిల్ మెకానిక్ పని నేర్పేవారు. నేను అక్కడే లెక్కలు చెప్పేదాన్ని. పదిహేనేళ్ళు పక్కపక్క గదుల్లో పనిచేశాం. వాదించి ఒప్పించడం ఆవిడకు చేతకాదు. ఎవరైనా ప్రశ్న అడిగితే చేతిలో పని పక్కన పెట్టి, జరిగిన సంగతి ఏదో ఒకటి చెప్పి, మళ్ళీ పని అందుకునేవారు. ఈ సంగతి మాత్రం ఒక్కసారే చెప్పారు. అప్పుడు నేను హాజరు పట్టీ కోసం వెళ్ళి అక్కడే ఉన్నాను.

ఆ పూట నూకరత్నం అనే అమ్మాయి ఇంజను పక్కన నిలబడి పని చెబుతోంది. జతలో ఉన్న గౌరి బండి కిందికి దూరి ఆ పని చేస్తోంది. “గొట్టం ఊడదియ్యి” అంది నూకరత్నం. ఆమె మనసులో ఉన్నది వాక్యూమ్ గొట్టం. గౌరి ఊడదీసింది బ్రేకు గొట్టం. అందులోని ద్రవం కారి ఆమె కంట్లో పడింది. గౌరిని కుళాయి దగ్గర కూర్చోబెట్టి కన్ను కడిగి, ఆసుపత్రికి పంపారు.

“నేను సరిగ్గానే చెప్పాను మేడమ్. దానికి బుర్ర లేకపోతే నేనేటి చేసేది?” అంది నూకరత్నం. మేడమ్ కింద ఒలికినదాన్ని తుడుస్తున్నారు. ఆ అమ్మాయి ఊరుకునే రకం కాదు. “మీరే చెప్పండి. చెప్పినవాళ్ళది తప్పా, చేసినవాళ్ళది తప్పా?”

కాత్యాయని గారు గుడ్డతో చేతులు తుడుచుకుని స్టూలు మీద కూర్చున్నారు.

కొండమీద ఒక ప్రసూతి కేంద్రానికి ఒకే ఒక్క కారు ఉండేది. దాన్ని నడిపేవాడు కిల్లో బొంజుబాబు. పదకొండేళ్ళుగా అక్కడి నర్సు సలోమిని ఊరూరా తిప్పినవాడు. ఆ కారు తెల్లటి పొగ కక్కేది. బ్రేకు రాయిలా గట్టిపడింది, రెండు కాళ్ళతో తొక్కినా అంతంతమాత్రంగా పనిచేసేది. బ్రేకు డబ్బాలో మట్టం తగ్గుతూ ఉండేది, కాని ఏ చక్రం దగ్గరా తడి కనపడేది కాదు. ముగ్గురు మెకానిక్కులు చూశారు. ఒకరు పొగ చూసి డీజిల్ చిమ్మే నాజిళ్ళు మార్చారు, ఒకరు బ్రేకు లైనింగులు మార్చారు, మూడో ఆయన పాత బండి అంతే అన్నాడు.

కాత్యాయని గారు దాన్ని రెండు రోజులు ఉంచుకున్నారు. డీజిల్ ఇంజనుకి వాక్యూమ్, అంటే గాలిని పీల్చే శక్తి, తనంతట తాను పుట్టదు. డైనమో వెనక ఒక చిన్న పంపు దాన్ని పుట్టించి, గొట్టం ద్వారా బూస్టరుకు పంపుతుంది. బ్రేకు తొక్కేటప్పుడు కాలికి సాయం చేసేది అదే. ఆ గొట్టం సన్నగా పగిలింది, అందుకే బ్రేకు గట్టిపడింది. ఇంకోపక్క, బ్రేకు తొక్కితే చక్రాలకు ద్రవాన్ని నెట్టే మాస్టర్ సిలిండరులో రబ్బరు వాషరు అరిగింది. డబ్బాలోని ద్రవం అక్కడినుంచి బూస్టరులోకి జారి, ఆ పంపు దారినే ఇంజనులోకి పోయి కాలి, తెల్లటి పొగై బయటికి వస్తోంది. ముగ్గురూ మూడు జబ్బులనుకున్నవి ఒకే దారిలో ఉన్నాయి. గొట్టం, వాషర్లు, లైనింగులు అన్నీ మార్చారు. పొగ ఆగింది. బ్రేకు మెత్తగా పడింది.

“ఆ వారం నేను నేల మీద నడవలేదు” అన్నారు మేడమ్.

తొమ్మిదో రోజున క్లాసు మధ్యలో ఫోను మోగింది. బొంజుబాబు.

“అమ్మా, డబ్బాలో కొద్దిగా తగ్గినాది. ఏటి సెయ్యమంటారు?”

కొత్త లైనింగులు సర్దుకునేటప్పుడు కొంచెం తగ్గడం మామూలే. ఎదురుగా ముప్ఫై మంది పిల్లలు. బోర్డు మీద బొమ్మ సగంలో ఉంది.

“ఏం కాదు, ఆయిల్ పోసుకో. ఆదివారం తీసుకురా, చూస్తాను.”

“అర్థమైనాదమ్మా.”

బ్రేకు డబ్బాలో పోసేదాన్ని షెడ్డుల్లో అందరూ బ్రేక్ ఆయిల్ అనే అంటారు. నిజానికి అది ఆయిల్ కాదు, వేరే ద్రవం. బొంజుబాబు డిక్కీలో ఇంజను ఆయిల్ డబ్బా ఉంది. అమ్మ చెప్పింది ఆయిల్, అతని దగ్గరున్నది ఆయిల్. మట్టం గీత దాకా జాగ్రత్తగా పోశాడు, ఒక్క చుక్క ఒలకలేదు. ఆ రబ్బరుకు ఇంజను ఆయిల్ విషం. మూడు రోజుల్లో వాషర్లు ఉబ్బి, మెత్తబడి, తెగిపోయాయి. పన్నెండో రోజు ఉదయం, కొండ దిగుతున్నప్పుడు, బ్రేకు నేలకంటా దిగిపోయింది.

బండిని పరీక్షించిన అధికారి డబ్బాలో ఇంజను ఆయిల్ ఉందని రాశాడు. డ్రైవరు నిర్లక్ష్యం అన్నాడు. అందులో అబద్ధం ఏమీ లేదు. బొంజుబాబు మీద కేసు పెట్టారు.

కాత్యాయని గారిని ఎవరూ పిలవలేదు. తానే స్టేషనుకి వెళ్ళి, నేనే పొయ్యమన్నాను అని చెప్పారు. రాసుకుంటున్నాయన కలం ఆపాడు. “బ్రేక్ ఆయిల్ పొయ్యమన్నారు కదమ్మా?”

“కాదు. ఆయిల్ అన్నాను.”

సంస్థవాళ్ళు ప్లీడరును పంపారు. పెద్దమనిషి, మర్యాదస్తుడు. కుర్చీ ముందుకు జరుపుకుని మెల్లగా మాట్లాడాడు. “ఆయిల్‌కి ముందు బ్రేక్ అని ఒక్క మాట పెట్టండి మేడమ్. మీ మనసులో ఉన్నది అదేగా? మనసులో ఉన్నది చెబితే అబద్ధం ఎలా అవుతుంది?”

“మనసులో ఉన్నది ఫోనులో వినపడదండీ.”

“అతనికే గుర్తులేదట. పాపం మీరెందుకు నెత్తిన వేసుకోవడం?”

ప్లీడరు చెప్పినట్టే జరిగింది. బొంజుబాబు కోర్టులో చేతులు కట్టుకుని నిలబడి, “అమ్మ ఏటి సెప్పినాదో నాకు గేపకం నేదు బాబూ. అమ్మ తప్పు సెప్పదు” అన్నాడు. అతను అబద్ధం ఆడుతున్నాడని ఆవిడకు తెలుసు. తన కోసమే ఆడుతున్నాడనీ తెలుసు. అతను జైలుకు పోతాడా, ఇంటికి పోతాడా అన్నది ఆవిడ చెప్పబోయే ఒక్క మాట మీద ఉంది. ఆవిడ నోరు మూసుకుంటే చాలు, తన ఉద్యోగానికి, పేరుకు ఏ దిగులూ లేదు.

ఆవిడ లేచి, అన్న మాట అన్నట్టే చెప్పారు. ఆరేళ్ళలో మూడుసార్లు చెప్పించారు. మూడుసార్లూ ఒక్క అక్షరం కలపలేదు, తియ్యలేదు. బొంజుబాబుకు శిక్ష తప్పింది. మళ్ళీ బండి మాత్రం నడపలేదు. తాళంచెవి చేతికిస్తే పక్కన పెట్టి వెళ్ళిపోయేవాడట. మేడమ్‌ను విభాగం పెద్ద హోదా నుంచి తప్పించి, మొదటి ఏడాది పిల్లలకు స్పానర్ల పేర్లు చెప్పమన్నారు. చెప్పారు.

నూకరత్నం గుడ్డ ముక్కను మెలిపెడుతూ మేడమ్ దగ్గరికి వచ్చింది. నాకు క్లాసుకు ఆలస్యమవుతోంది, అయినా కదల్లేదు.

“మీరు స్టేషనుకి వెళ్ళకపోయినా సరిపోయేది మేడమ్. మిమ్మల్నెవరూ అడగలేదు కదా?”

“అడిగారు.”

“ఎవరు?”

“సలోమి మొగుడు. కేసు అయిపోయాక మా ఇంటికొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మంలో నిలబడి, మీరు అతన్ని ఏం పొయ్యమన్నారండీ అని అడిగాడు.”

“కోర్టు అయిపోయింది కదా! ఆయనకైనా మంచిమాట చెప్పి పంపాల్సింది. మీరేమన్నారు?”

కాత్యాయని గారు లేచి స్టూలు బల్ల కిందికి నెట్టారు.

“అన్నదే చెప్పాను.”