నాలుగు వేళ్ళ వెలితి

ఒక రాజు ఉండేవాడు. ఆయన కూర్చునేవాడు కాదు.

నిలబడే భోంచేసేవాడు. నడుస్తూనే తీర్పులు చెప్పేవాడు. మొర పెట్టుకోవడానికి వచ్చిన ముసలివాళ్ళు ఆయన వెనకాల పరిగెత్తలేక, సగం గోడు కోట స్తంభాలకి చెప్పుకుని ఇంటికి పోయేవాళ్ళు. నవ్వకండమ్మా, ముందు వరుసలో తల్లీ! మన ఇళ్ళల్లోనూ ఉన్నారు ఇలాంటివాళ్ళు. హారతి ఇంకా వెలుగుతూనే ఉంటుంది, కాలు మాత్రం చెప్పుల కోసం వెతుకుతూ ఉంటుంది.

ఆ కోటలో ఒక ఆచారం. రాజు ముందుకి వెలితి పాత్ర రాకూడదు. బిందె కానివ్వండి, గిన్నె కానివ్వండి, అంచుదాకా నిండి ఉండాల్సిందే. కొంచెం తక్కువైనా రాజుకి అవమానం. అందుకని అంతఃపురంలో నేల ఎప్పుడూ తడిగానే ఉండేది. రాజు గబగబా నడిచినప్పుడల్లా బిందెలు కదిలేవి, నీళ్ళు ఒలికేవి, వాటి మీద మంత్రులు జారేవాళ్ళు.

ఆ రాజుకి ఎగువ రాజ్యంతో ఏటి నీళ్ళ కోసం పన్నెండేళ్ళుగా యుద్ధం. "మీకెంత కావాలి?" అని వాళ్ళు ఏటేటా అడిగేవారు. "ఏరు నిండుగా" అని ఈయన ఏటేటా చెప్పేవాడు. పన్నెండో ఏటికి రెండు పక్కలా పొలాలు దున్నే మగవాళ్ళు కరువైపోయారు. అప్పుడు ఏటి ఒడ్డున సంధి డేరా వేశారు.

సంధికి ఒక కట్టుబాటు ఉంది. సంధికి వచ్చే రాజు ఆ ఉదయమే, తాతల నాటి పద్ధతిలో చేసిన సబ్బుతో గడ్డం గీయించుకుని, నున్నని మొహంతో రావాలి. మొహం మీద నెత్తుటి చుక్క కనిపించిందా, అపశకునం. ఆ రోజుకి మాటల్లేవు. అలా మూడు రోజులు చూస్తారు. మూడో రోజూ నెత్తురు కనిపిస్తే, డేరా పీకేసి యుద్ధభేరి మోగిస్తారు.

కాబట్టి, నాయనలారా, రెండు రాజ్యాల బరువూ వచ్చి ఒక క్షురకుడి చేతిలో పడింది. ఆయన తమ్ముడు ఏటి రేవులో, అందరికంటే ముందు వరుసలో, బల్లెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. భేరి మోగితే మొదట ఏట్లో దిగేది ఆ వరుసే.

ఇక ఆ సబ్బు సంగతి. బెల్లం అచ్చంత ఉంటుంది, చూడ్డానికి వెన్నముద్ద. కానీ మహా పెంకిది! ఒక రోజు పలికేది, పది రోజులు పలికేది కాదు. కుంచె ఎంత తిప్పినా పెద్ద పెద్ద బుడగలు లేచి, చూస్తుండగానే టప్పున చచ్చిపోయేవి. గడ్డం గీసుకునే బాబులకి తెలుస్తుంది నా మాట. బుడగ వేరు, నురగ వేరు. బుడగ మీద కత్తి ఆగదు.

మొదటి రోజు పొద్దున్నే క్షురకుడు నిండు బిందెలో కుంచె ముంచి, సబ్బు మీద తిప్పాడు. రాజు పీట చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నాడు.

"అయిందా?"

"ఇప్పుడే మొదలెట్టాను ప్రభూ."

"మొదలెట్టినవాడివి అవగొట్టవేం? నీళ్ళు పొయ్యి! బిందె ఉన్నది దేనికి?"

పోశాడు. సబ్బు కరిగి మజ్జిగలా చెంపల మీంచి కారింది. కత్తి ఆనించగానే రాజు తల తిప్పాడు. గడ్డం కింద ఎర్రటి గీత. ఆ రోజుకి సంధి లేదు.

రెండో రోజు క్షురకుడికి భయం ఎక్కువైంది. భయం ఎక్కువైతే ఏం చేస్తాం? నిన్న తప్పిందే ఇవాళ ఇంకాస్త గట్టిగా చేస్తాం. రెండు చెంబులు పోసి, చెయ్యి నొప్పి పుట్టేలా తిప్పాడు. బుడగలు గిన్నె దాటి నేల మీద పడ్డాయి. ఈసారి చెంప తెగింది.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి కుంచె గూట్లో పడేసి, గోడకి చేరగిలబడ్డాడు. భార్య అన్నం పెట్టింది. ముట్టలేదు.

"ఆ సబ్బు నా మీద పగబట్టిందే. కోటవాళ్ళు ఇచ్చిన ముక్కే కదా మనింట్లో ఉన్నదీ? ఇక్కడ పొరుగువాళ్ళకి గీస్తే మీగడలా లేస్తుంది. అక్కడ నన్ను చూస్తే చాలు, చచ్చూరుకుంటుంది."

"నిన్ను చూసి కాదులేవయ్యా. బిందెని చూసి."

"అంటే?"

"మనింట్లో నీళ్ళెక్కడున్నాయి? ఏరు ఎండి, మూడు మైళ్ళు మోసుకొస్తున్నా. కడివెడు నీళ్ళు ఈ మొహాలకి పోస్తానా? నువ్వు కుంచె తిప్పుతుంటే పక్కన కూర్చుని వేళ్ళు తడిపి విదిలిస్తా. అది తాగుతుంది. మళ్ళీ విదిలిస్తా. పదిహేనేళ్ళ నుంచి చూస్తున్నావు, అది కూడా కనపళ్ళేదా?"

ఆయన గూట్లో కుంచె వైపు చూశాడు.

"రాజుగారికి చుక్కల లెక్కన విదిలిస్తే తల తీయిస్తారే."

"ఓయబ్బో! గుళ్ళో శివుడి నెత్తిన ధారపాత్ర చుక్క చుక్కగానే కారుతుంది. ఆయనెప్పుడైనా అవమానం అన్నాడా? మీ రాజుగారు ఆయనకంటే పైవాడా ఏంటి? అన్నం తిను ముందు. మరిదికి కూడా వండి ఎన్నాళ్ళయిందో."

చూశారా అమ్మా! మహా పండితులకి తట్టని మాట, నీళ్ళు మోసిన మనిషికి తట్టింది. ఆ పైవాడు ఎవరి నోట పలుకుతాడో మనకి తెలీదు.

మూడో రోజు. క్షురకుడు ఒక తువ్వాలు తడిపి, భుజాన వేసుకుని కోటకి వెళ్ళాడు. బిందె పక్కకి జరిపాడు. మంత్రి ఉలిక్కిపడ్డాడు.

"తడిగుడ్డా? ఏలినవారి ముందా? ఏదీ, నిండు పాత్రేదీ?"

"గుడ్డ పాత్ర కాదు కదండీ. దానికి అంచే లేదు. నిండుగా ఉందో వెలితిగా ఉందో తమరే చెప్పండి."

మంత్రి గుడ్డ నాలుగు కొసలూ తిప్పి చూశాడు. ఏ శాస్త్రంలోనూ దొరక్క ఊరుకున్నాడు.

క్షురకుడు కుంచె విదిలించి, దాదాపు పొడిగా సబ్బు మీద తిప్పడం మొదలుపెట్టాడు. తువ్వాలు కొస పిండాడు. ఒక్క చుక్క. తిప్పాడు. ఇంకో చుక్క. బయట ఏనుగు సిద్ధంగా ఉంది. డేరాలో అవతలివాళ్ళు ఎదురుచూస్తున్నారు. రాజు కిటికీ దాకా వెళ్ళాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు.

"ఏమోయ్, ఇది నురగా, నోమా?"

"రెండూ తొందరపడితే దక్కవు ప్రభూ."

"ఇంకెన్ని చుక్కలు?"

"నాకు తెలీదు."

"నీకు తెలీకపోతే ఎవరికి తెలుసు?"

"దానికి తెలుసు. చాలన్నప్పుడు చెబుతుంది."

సబ్బు చాలనడం ఎలా ఉంటుందో చూద్దామని రాజు వంగాడు. వంగితే సరిగా కనబడలేదు. ఇంకొంచెం వంగి, కాళ్ళు నొప్పి పుట్టి, తనకి తెలియకుండానే పీట మీద కూర్చున్నాడు. మంత్రి నోరు తెరిచాడు. క్షురకుడు తల ఎత్తలేదు. చెయ్యి ఆగితే నురగ పోతుందని ఆయన భయం.

బుడగలు పోయాయి. తెల్లటి పొర ఒకటి కుంచెని పట్టుకుంది. తర్వాత చుక్కకి అది చిక్కబడింది. ఆ తర్వాత చుక్కకి నున్నబడింది. ఇంకో చుక్కకి, కుంచె ఎత్తితే కొసన ముద్ద నిలిచింది, వంగిందిగానీ జారలేదు. క్షురకుడు తువ్వాలు కింద పెట్టేశాడు. అందులో ఇంకా తడి ఉంది.

కత్తి గడ్డం మీద నడిచిన చప్పుడే వినబడలేదు. మొహం తుడిస్తే, చెంప మీద నిన్నటి గాటు తప్ప కొత్త గీత లేదు. ఒక్క చుక్క నెత్తురు లేదు.

డేరాలో అవతలి రాజు దూత ఎప్పటి ప్రశ్నే అడిగాడు. "మీకెంత కావాలి?"

ఇటుపక్క మంత్రులందరూ "ఏరు నిండుగా" అనడానికి గొంతులు సవరించుకున్నారు. రేవులో ముందు వరుస బల్లేలు బిగించింది. రాజు తన చెంప నిమురుకున్నాడు.

"నాకు తెలీదు," అన్నాడు.

"మీకు తెలీకపోతే ఎవరికి తెలుసు?"

"వరి మడికి తెలుసు. కాలవ తెరవండి. మడి చాలన్న పూట, మా మనిషే వచ్చి మూసేసి వెళతాడు."

ఆ సాయంత్రం క్షురకుడి ఇంట్లో మూడో విస్తరి వేశారు. తమ్ముడు తిన్నాడు. అతను చాలన్నదాకా వదిన వడ్డిస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున క్షురకుడు కోటకి వెళ్తే గుమ్మంలోనే మంత్రి అడ్డం పడ్డాడు. పాపం, ఆయన పాగా జారిపోయి ఉంది. "లోపల బిందె చూశావా? నాలుగు వేళ్ళు వెలితి! ఎవరు చేశారో తెలీదు. నింపబోతే వద్దంటున్నారు!"

లోపల నేల పొడిగా ఉంది. రాజు పీట మీద కూర్చుని, బిందెలోకి చూస్తున్నాడు. అంచుదాకా నిండి తొణికే నీళ్ళల్లో ఇన్నేళ్ళూ ఏ నీడా నిలవలేదు. ఇవాళ నీళ్ళు కదలడం లేదు.

"ఇలా రావోయ్," అన్నాడు రాజు, తల ఎత్తకుండానే. "ఇందులో ఒక ముసలాయన ఉన్నాడు. ఎవరితను?"

క్షురకుడు వంగి చూశాడు. "నేను రోజూ గడ్డం గీసే ఆయనే, ప్రభూ."

"ఎప్పుడొచ్చాడు?"

క్షురకుడు కుంచె అందుకున్నాడు. భుజం మీద తువ్వాలు తీసి, కొస పిండాడు. ఒక్క చుక్క.

రాజు కదలకుండా కూర్చున్నాడు. పీట కింద మాత్రం, ఎడమ కాలి బొటనవేలు ఇంకా ఆడుతూనే ఉంది.