కపితాన్ గారి ఇల్లు మోసిన రోజు

"లూమెన్! ఏమే లూమెన్! చెవులెక్కడ పెట్టుకున్నావే?"

వీపు మీద కూర్చున్న నెనా కొంగ మూడోసారి పిలిస్తే గాని పడుచు గేదె లూమెన్ ఈ లోకంలోకి రాలేదు. దాని చూపంతా వేదిక మీదే ఉంది. అక్కడ కపితాన్ బెర్టింగ్ మాట్లాడుతున్నాడు. ఆ దీవుల దేశంలో ఊరిపెద్దని కపితాన్ అంటారు. ఈ కపితాన్ ఒక పునుగుపిల్లి. ఆయన నిలబడ్డ చోట గాలి కూడా ఘుమఘుమలాడుతుంది.

"ప్రజలారా! ఏటి వంపులో రాతిగట్టు లేచింది! ఇక మన ఊరంటే తుపానుకే భయం! వచ్చే వారం ఓటేసేటప్పుడు ఈ గట్టుని తల్చుకోండి!"

కప్పలన్నీ బెకబెకమని జేజేలు కొట్టాయి. ఆ ఊళ్లో జనమంటే కప్పలే. కిందటేడు వంతెన కూలినప్పుడు మొదటిరోజు గొంతులు చించుకున్నాయి. రెండోరోజు కపితాన్ మీద వెక్కిరింపు పాటలు కట్టాయి. మూడోరోజు అందాల పోటీ మొదలైతే అటు గెంతాయి. నాలుగోరోజు అదే కపితాన్ పక్కన నిలబడి ఫొటోలు దిగాయి.

"రేపు సాయంత్రానికి తుపానట," అంది నెనా. "గట్టుందిగా అని గుడ్లు దాని కిందే పెట్టుకున్నాను. మంచి పనే చేశానంటావా?"

లూమెన్ గట్టు వైపు చూసి చప్పున తల తిప్పుకుంది. ఆ గట్టులో రాయన్నది అడుగు వరసలోనే ఉంది. పైనంతా వెదురు తడికలు, తడికలకి బురద. ఆ బురద తొక్కి మెత్తింది లూమెనే. "రాళ్లు తర్వాత వస్తాయి తల్లీ, ఎవరితోనూ అనకు. నీ అంత మనసున్నవాళ్లు ఈ ఊళ్లో ఎవరున్నారు?" అంటూ కపితాన్ దాని కొమ్ముకి మల్లెదండ చుట్టాడు. అంతే, ఆ రోజు నుంచి లూమెన్‌కి మేత సయించలేదు. ఏటి నీళ్లలో మొహం చూసుకుంటూ పెళ్లి ఊరేగింపులు కలగనేది.

ఇప్పుడు నిజం చెబితే, మరి బురద మెత్తిందెవరని అడుగుతారు. చెప్పకపోతే నెనా పిన్ని గుడ్లు ఏట్లో కలుస్తాయి.

లూమెన్ రెండడుగులు ముందుకేసింది. "కపితాన్ గారూ, ఒక్క మాట!"

"చెప్పు బంగారం!"

"ఇంత గట్టు కట్టించి మీరేమో కొండ మీదుంటే ఏం బావుంటుందండీ? మీ ఇల్లు మేమే మోసుకొచ్చి గట్టు కింద పెడతాం!"

అక్కడ ఇల్లు మారడమంటే నిజంగా ఇల్లే కదులుతుంది. వెదురింటి కింద బొంగులు దూర్చి, ఊరంతా భుజం పట్టి మోస్తారు. దింపాక విందు. విందనగానే కప్పలకి పూనకం వచ్చింది. "మోద్దాం! మోద్దాం!"

"అబ్బే, మీకెందుకర్రా శ్రమ?" అన్నాడు కపితాన్, నవ్వు చెదరకుండా.

"మిమ్మల్ని అయిదేళ్లు మోశాం, ఇల్లొక లెక్కా?" అంది ఓ ముసలికప్ప.

ఓట్ల వారం. వద్దని గట్టిగా ఎలా అంటాడు? ఇల్లు లేచింది. కిటికీలోంచి చెయ్యూపుతూ బయల్దేరిన కపితాన్, కొండ దిగేకొద్దీ మొహం చిన్నబుచ్చుకున్నాడు. గట్టు కిందికి వచ్చేసరికి చినుకు మొదలైంది.

"దింపి, కట్లు బిగించండ్రా! తుపానొచ్చినా కపితాన్ గారు కదలకూడదు!" అని అరిచింది ముసలికప్ప.

కపితాన్ ఒక్క గెంతుతో కప్పు మీదికెక్కాడు. "దించకండి! మీ కాళ్లు పట్టుకుంటాను, దించకండి! అది గట్టు కాదు, ఒట్టి తడికలు!"

నెనా ఎగిరివెళ్లి గట్టుని ముక్కుతో పొడిచింది. ముక్కు అవతలికి వచ్చేసింది.

ఈసారి కప్పలకి పాటలు కట్టే తీరిక లేదు. అవే బొంగులతో, మర్నాటి మధ్యాహ్నం దాకా, ప్రతి ఇంటినీ ప్రతి గూటినీ కొండెక్కించాయి. కపితాన్ ఇల్లొక్కటీ కిందే వదిలేశాయి. ఆయన తన పరుపు తనే నెత్తిన పెట్టుకుని, అందరి వెనక జారుతూ ఎక్కాడు. సాయంత్రం ఏరు పొంగింది. గట్టు ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు. ఆయన ఇల్లు మాత్రం ఓట్ల బ్యానరుతో సహా సముద్రం దారి పట్టింది.

కొండ మీద అందరూ ఉన్నారు. నెనా రెక్కల కింద గుడ్లు వెచ్చగా ఉన్నాయి.

"లూమెన్ తెలివే తెలివి! ఇక ఇదే మన కపితాన్!" అని కప్పలు ఎగిరాయి.

"నా తల్లే!" అంటూ నెనా దాని నుదురు నిమిరింది.

మాట్లాడకుండా నిలబడితే చాలు, ఊరి ప్రేమంతా తనదే. లూమెన్ కళ్లు మూసుకుంది. మళ్లీ తెరిచింది.

"ఆగండర్రా! పిన్నీ, నువ్వూ విను. ఆ తడికలకి బురద మెత్తింది నేనే. నాకు మొదట్నించీ తెలుసు. నిజం చెప్పే ధైర్యం లేకే ఇల్లు మోసే ఎత్తు వేశాను. పొగిడితే పొంగిపోయి నోరు మూసుకున్నవాళ్లు కూడా ఆ దొంగగట్టు కట్టినవాళ్లే పిన్నీ."