దివాన్ గారి పల్లపు స్థలాలు

ఇళ్ళ బేరాలు కుదిర్చే సింగన్న రోజూ పొద్దున్నే తన అరుగు గోడ మీద పేట కబుర్లు సుద్దతో రాసేవాడు. ఏ బావి నీళ్ళు తియ్యన, ఏ వీధి వానకు మునుగుతుంది, అన్నీ నిజాలే. అందుకే ఇల్లు కొనేవాళ్ళు ముందు ఆ గోడ చూసేవారు.

ఒకనాడు దివాన్ పిలిపించాడు. "నా పల్లపు స్థలాల్లో నీళ్ళు నిలవవని రాయి. లేదా ఊరు విడిచిపో."

పేటలో ఇళ్ళ స్థలాలు వెతుక్కుంటున్న నేతగాళ్ళు అది నమ్మి కొంటే పిల్లాపాపలతో మునిగిపోతారని సింగన్నకు తెలుసు. అయినా మర్నాడు రాశాడు: "పల్లంలో నీళ్ళు నిలవవు. ఈ వానాకాలం దివాన్ గారి కాపురం అక్కడే."

దివాన్ మండిపడుతూ వచ్చాడు. "నేనెప్పుడన్నానురా? ఆ రెండో మాట తుడిచెయ్!"

"చిత్తం. ఎందుకు తుడిచావని జనం అడిగితే ఏం చెప్పమంటారు?"

దివాన్ తన ఉత్తరీయంతోనే రెండు మాటలూ తుడిచేశాడు. ఆ ఏడు పల్లంలో వరినాట్లు పడ్డాయి.