కయోరా కథను మింగిన ఎర్రతోక చిలుక

అనగనగా మనకు చాలా దూరంగా, ఆఫ్రికా పడమటి తీరాన కయోరా అనే దేశం. ఆ దేశానికో రాజు. ఆ రాజుకి ఫోడే అని ఒక్కడే కొడుకు. ఫోడే ఎప్పుడూ కలల్లో తేలేవాడు. కుడిచెయ్యి ఏదంటే కాసేపు తడుముకునేవాడు, పాపం.

ఒకరోజు ఏడు సముద్రాలు దాటి ఒక మాంత్రికుడు ఓడలో వచ్చాడు. చేతిలో పంజరం. పంజరంలో ఎర్రతోక బూడిదరంగు చిలుక. అతనితో ఎవరు మాట్లాడినా, వాళ్ళ బుర్రలో ఉన్నదంతా పొగలా లేచి చిలుక నోట్లోకి పోయేది. రాజు మాట్లాడాడు, పేరు మరిచాడు. మంత్రి మాట్లాడాడు, ఇల్లు మరిచాడు. దేశం కథంతా పాడే ముసలి పాటగాడు మాట్లాడాడు, మొదటి మాటే మరిచాడు. బజారులో ఒకావిడ సొంత మొగుణ్ణి ఆపి, "మీరెవరి తాలూకు బాబూ?" అంది. ఆయన కూడా తెల్లమొహం వేశాడు.

మాంత్రికుడు తన జెండా పాతి నవ్వాడు. "మీకు కథే లేదు. నేనొచ్చిన రోజే ఈ దేశం పుట్టింది. కాదంటే మొదటినుంచీ చెప్పండి. మూడోరోజు మిట్టమధ్యాహ్నంలోగా చెప్పకపోతే దేశం నాదే!"

పాటగాడి కూతురు సిరా. ఆమె నవ్వంటే ఫోడేకి ప్రాణం. "మనిద్దరం వాడితో మాట్లాడలేదు, బతికిపోయాం. కానీ మనకు కథంతా రాదు. జంతువులూ వాడితో మాట్లాడలేదుగా, వెళ్ళి అడుగు" అంది సిరా.

ఫోడే తాబేలునడిగాడు. "ముందు రాతిగొడ్డళ్ళు చెక్కారు, తర్వాత కుండలు కాల్చారు, ఆ తర్వాత కొలిమిలో ఇనుము కరిగించారు" అంది తాబేలు.

ఏనుగునడిగాడు. "తర్వాత బంగారం రాజులొచ్చారు. ఎడారి దాటి ఒంటెలమీద ఉప్పొచ్చేది. అప్పుడు నోరు విప్పకుండా బేరం జరిగేది. ఒకడు ఉప్పు పెట్టి దూరంగా పోతాడు. ఇంకొకడు పక్కన బంగారం పెట్టి దూరంగా పోతాడు. ఉప్పువాడు బంగారం తీసుకుంటే బేరం కుదిరినట్టే."

కొంగనడిగాడు. "తర్వాత ఓడలొచ్చాయి, మనుషుల్ని సంకెళ్ళేసి తీసుకుపోయాయి. ఆ దారినే మాంత్రికుడూ వచ్చాడు. మీ జ్ఞాపకాలూ, వాడి ప్రాణమూ చిలుకలోనే ఉన్నాయి" అంది కొంగ.

ఫోడే తిరిగొచ్చి సిరాకి చెప్పబోయాడు. "ముందు ఒంటెలు ఓడలెక్కి... కాదు, ఏనుగులు ఇనుము తిని..."

"చాల్లే రాకుమారా! ఒంటెలకు తెడ్లు కూడా ఇచ్చావా?"

ఫోడే కళ్ళు చెమ్మగిల్లాయి. "నాకంతా కలగాపులగంగా ఉంది సిరా. రేపు దేశం పోతుంది."

సిరా ఆలోచించింది. "మూగబేరం మన ఆచారం. వాడికి తెలీదుగా!"

మూడోరోజు మైదానంలో జనమంతా చేరారు. ఫోడే పంజరం పక్కన రాజుగారి ఖజానాలోంచి తెచ్చిన బంగారు ముద్ద పెట్టి, పెదవులు బిగించి, దూరంగా వెళ్ళి నిలబడ్డాడు.

"ఏమిట్రా ఇది? లంచమా?" అన్నాడు మాంత్రికుడు. అటూ ఇటూ చూసి ముద్ద జేబులో వేసుకున్నాడు.

జనం పేర్లు మరిచినా, బేరాలాడిన చేతులు మూగబేరం మరవలేదు. బజారు ముసలమ్మలు తొడలు చరిచారు. "తీసుకున్నాడు! బేరం కుదిరింది!"

సిరా పంజరం తెరిచింది. చిలుక తుర్రుమని అడవికి ఎగిరింది.

"నా చిలుక! నేనమ్మలేదు!"

"మరి జేబులో ఏముంది తాతా?" అంది సిరా.

జ్ఞాపకాలు వానలా కురిశాయి, కానీ ఎవరివి ఎవరి నెత్తిన పడ్డాయో! ప్రాణం చిలుకతో అడవికి పోయేసరికి మాంత్రికుడు సత్తువ లేక కూలబడ్డాడు. "కథేదీ?" అని మూలిగాడు.

ఫోడే మొదలుపెట్టాడు. "ముందు ఇనుము..."

"కాదు నాయనా, మా కుండలు ముందు!" అంది కుమ్మరామె. "రాళ్ళు అంతకన్నా ముందు!" అన్నాడొక వేటగాడు. తప్పు చెప్పిన ప్రతిచోటా ఎవరో ఒకరు దిద్దారు. ఓడల దగ్గరికొచ్చేసరికి ముసలి పాటగాడు లేచాడు. "ఆగండి. పోయినవాళ్ళ పేర్లు చెప్పకుండా ముందుకెళ్ళొద్దు."

ప్రతి ఇంటివాళ్ళూ ఓడల్లో పోయిన తమవాళ్ళ పేర్లు చెప్పారు. మైదానమంతా ఏడ్చింది. ఆఖరి పేరు అయ్యేసరికి ఎండ ఇంకా నడినెత్తికి రాలేదు. జనమే పరాయి జెండా దించి, మాంత్రికుణ్ణి ఓడెక్కించి పంపేశారు.

తర్వాత ఫోడేకీ సిరాకీ పెళ్ళయింది. కంగారులో పెళ్ళికొడుకు వెళ్ళి పెళ్ళికూతురి చాపమీద కూర్చున్నాడు. "అదీ బాగుంది, జరుగు" అని సిరా పక్కనే కూర్చుంది. అలా ఇద్దరూ ఒకే చాపమీద అరవై ఏళ్ళు కయోరాను ఏలారు.